కూలి ఎవరి చేతికి వచ్చింది? ఆలిస్ క్లార్క్‌తో ఒక వాదన

ఆలిస్ క్లార్క్ పేరు వినగానే చరిత్ర చదువుకున్నవాళ్లలో చాలామంది ఒకే మాట అంటారు: పాతకాలమే బాగుండేదని నమ్మిన మనిషి అని. ఈమధ్య ఆడవాళ్ల శ్రమ గురించి ఒక ఉపన్యాసం విన్నాను. గంటసేపు సాగిన ఆ ఉపన్యాసంలో ఆమె గురించి చెప్పింది ఇంతే. 1919లో ఒక పుస్తకం రాసింది, పెట్టుబడిదారీ విధానం రాకముందు ఆడవాళ్లకు స్వర్ణయుగం నడిచిందనుకుంది, తర్వాతి పరిశోధన దాన్ని కొట్టేసింది. అక్కడితో ఆమె సంగతి అయిపోయింది.

నాకది అన్యాయంగా తోచింది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో స్త్రీల శ్రామిక జీవితం గురించిన ఆ పుస్తకాన్ని నేను మొదట చదివింది పరీక్ష కోసం. చాలాకాలం తర్వాత మా ఇంటి మనుషుల్ని తలుచుకుంటూ మళ్లీ చదివాను. అప్పుడు అర్థమైంది, ఆమె ప్రశ్న "అప్పుడు బాగుందా, ఇప్పుడు బాగుందా" అని కానేకాదు. ఇంటిల్లిపాదీ చేసిన పనికి వచ్చే డబ్బు ఒక్క మనిషి కూలిగా ఎలా మారింది? అలా మారాక మిగతావాళ్ల పని ఏమైపోయింది? ఇవీ ఆమె అడుగుతున్నవి. ఆమె జవాబులో లోపాలున్నాయి. వాటిలో ఒకటి నా దృష్టిలో చాలా పెద్దది, దాని దగ్గరికి వస్తాను. కానీ జవాబు నచ్చలేదని ప్రశ్నను కూడా పారేస్తే నష్టపోయేది మనమే.

## బూట్ల ఫ్యాక్టరీలో నేర్చుకున్న చరిత్ర

ఆలిస్ 1874లో సోమర్సెట్‌లోని స్ట్రీట్ అనే ఊళ్లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలో పుట్టింది. మన మాల్స్‌లో కనబడే క్లార్క్స్ బూట్లు ఆ ఇంటివే. తల్లి హెలెన్, పార్లమెంటులో పేరుమోసిన వక్త జాన్ బ్రైట్ కూతురు. ఈ తాతగారి సంగతి వింతగా ఉంటుంది. 1867లో స్త్రీలకు ఓటు ఇవ్వాలన్న జాన్ స్టూవర్ట్ మిల్ సవరణకు అనుకూలంగా ఓటు వేసి, 1876కల్లా అదే కోరికకు ఎదురుగా సభలో మాట్లాడాడు. ఆయన తమ్ముడు జేకబ్, చెల్లెలు ప్రిసిల్లా మాత్రం ఓటు ఉద్యమంలో ముందు వరసలో ఉన్నారు. 1883లో లీడ్స్‌లో ఆయన పాల్గొన్న పెద్ద లిబరల్ సమావేశంలోనే కూతురు హెలెన్ లేచి స్త్రీల ఓటు హక్కు కోసం మాట్లాడింది. తండ్రి ముందు కూతురు అలా నిలబడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

అలాంటి ఇంట్లో పెరిగిన ఆలిస్ యూనివర్సిటీకి వెళ్లలేదు. 1893లో సొంత ఫ్యాక్టరీలోకి వెళ్లి ఒక్కో విభాగంలో పని నేర్చుకుంది. 1904లో కంపెనీ లిమిటెడ్‌గా మారినప్పుడు డైరెక్టర్లలో ఒకరైంది. మధ్యలో క్షయ వ్యాధి ఆమెను బాగా కుంగదీసింది. కోలుకున్నాక లండన్ వెళ్లి, మిలిసెంట్ ఫాసెట్ నాయకత్వంలోని ఓటు హక్కు సంఘాల జాతీయ సమాఖ్యలో పనిచేసింది, కార్యవర్గంలో కూడా ఉంది. 1913లో, నలభై ఏళ్లు దగ్గరపడుతుండగా, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో నాటక రచయిత బెర్నార్డ్ షా భార్య షార్లెట్ షా ఏర్పాటు చేసిన ఫెలోషిప్ వచ్చింది. మధ్యయుగ చరిత్రలో తర్వాత అంత పేరు తెచ్చుకున్న ఐలీన్ పవర్ అంతకుముందు అదే ఫెలోషిప్ మీద పనిచేసింది. లిలియన్ నోల్స్ పర్యవేక్షణలో ఆలిస్ పరిశోధన మొదలుపెట్టింది. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం. మంత్రసాని పని నేర్చుకుని క్వేకర్ల సహాయ బృందాలతో యుద్ధ బాధితుల కోసం పనిచేసింది. అన్నీ గడిచి 1919లో పుస్తకం వచ్చింది.

డిగ్రీ లేకపోవడం ఆమెకు లోటని కొందరు రాస్తారు. నేనలా అనుకోను. కూలి పట్టీలు రోజూ చూసిన మనిషి పాత కూలి పట్టీని చదివే పద్ధతే వేరు. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో స్థానిక న్యాయాధికారులు కూర్చుని కూలి రేట్లు నిర్ణయించేవారు. ఒక్కో పనికి రెండు రేట్లు: తిండి పెడితే ఇంత, పెట్టకపోతే ఇంత. చాలామంది చరిత్రకారులకు అవి వట్టి అంకెలు. ఆలిస్ ఆ రెండు రేట్ల మధ్య తేడాను పట్టుకుంది. ఆ తేడాయే ఒక మనిషి ఒకరోజు తిండి ఖర్చు కదా! దాన్ని పట్టుకుని, భార్యా ముగ్గురు నలుగురు పిల్లలూ ఉన్న కూలివాడి ఇల్లు గడవాలంటే ఎంత కావాలో లెక్కవేసింది. మగవాడి కూలి ఆ ఖర్చుకు ఎక్కడా సరిపోలేదు. మరి మిగతాది ఎక్కడి నుంచి వచ్చింది? తల్లి దగ్గరి నుంచి. ఆమె పెంచిన ఆవు, తోట, వడికిన నూలు, కోతల్లో చేసిన కూలి. అవి లేని ఇంట్లో పిల్లలు బతకలేదు. పుస్తకం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ లెక్కే. రికార్డులో ఎక్కడా రాయని పనిని, రాసిన అంకెల మధ్య ఖాళీలోంచి బయటికి లాగింది.

## స్వర్ణయుగం అన్నదా?

ఆమె ఉత్పత్తిని మూడు రకాలుగా చూస్తుంది. ఇంటి వాడకానికి ఇంట్లో చేసుకునేది ఒకటి. కుటుంబమంతా కలిసి అమ్మకానికి తయారుచేసేది రెండోది. పనిముట్లూ శ్రమా ఇంటివే, వచ్చే డబ్బూ ఇంటిదే. పెట్టుబడి పెట్టిన యజమాని ఒక్కొక్కరికీ విడివిడిగా కూలి ఇచ్చేది మూడోది. పదిహేడో శతాబ్దంలో రెండోది తగ్గి మూడోది పెరగడం వల్ల ఆడవాళ్లు దెబ్బతిన్నారని ఆమె వాదన.

దీనికి ఆమె చూపించే దారి చాలా స్పష్టంగా ఉంటుంది. వృత్తి చేసేవాడి ఇల్లే దుకాణమైతే భార్యకు ఆ పని వస్తుంది. అప్పులూ ఖాతాలూ ఆమెకు తెలుస్తాయి, భర్త పోతే దుకాణం నడుపుతుంది. వృత్తి సంఘాల రికార్డుల్లో వితంతువుల పేర్లు అందుకే అన్ని కనబడతాయి. కానీ ఎప్పటికీ సొంత దుకాణం పెట్టలేని పనివాళ్లు, యజమాని ఆవరణలో కూలికి పనిచేసేవాళ్లు, పెరిగారు. వాళ్ల భార్యలకు ఆ ఆవరణలో చోటు లేదు. పని నేర్చుకునే దారే మూసుకుపోయింది. మరోవైపు, బాగా డబ్బు చేసిన వ్యాపారుల భార్యలు లెక్కలు చూడటం మానేసి ఖాళీగా కూర్చోవడం మొదలుపెట్టారు. బీరు కాచే పని పెద్ద బట్టీల చేతికి పోయింది. ప్రసవాల పనిలోకి మగ డాక్టర్లు వచ్చారు. నూలు వడికే ఆడవాళ్లకు పని దొరికింది కానీ, ఆ కూలితో ఒక్క మనిషి కడుపు నిండటమే కష్టం, ఇక పిల్లల మాట ఎక్కడిది.

దీన్ని స్వర్ణయుగమనడం చదవకుండా అనే మాట. తన ఆధారాలు చెదురుమదురువని ఆమెకు తెలుసు. అప్పటి ఆడవాళ్ల చాకిరీ, పిల్లల చావులు, ఊరి మీద భారమవుతుందని గర్భిణిని తరిమేసిన సంగతులు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆడవాళ్ల స్థితి ప్రకృతి రాసిపెట్టింది కాదు, పని ఏర్పాటు మారితే అదీ మారుతుంది అని ఆమె నిరూపించాలనుకుంది. పుస్తకం వచ్చిన 1919లోనే బ్రిటన్‌లో యుద్ధానికి ముందున్న పద్ధతుల్ని ఫ్యాక్టరీల్లో తిరిగి తేవడానికి చట్టం చేసి, యుద్ధకాలంలో మగవాళ్ల చోట్ల పనిచేసిన ఆడవాళ్లను ఇళ్లకు పంపారు. "మీ చోటు ఎప్పుడూ ఇల్లే" అని అంటున్న కాలంలో వచ్చిన పుస్తకం అది.

అయినా విమర్శ గట్టిదే. 1930లో ఐవీ పిన్చ్‌బెక్ అనే చరిత్రకారిణి 1750-1850 మధ్య కాలాన్ని పరిశీలించి, పారిశ్రామిక విప్లవం చివరికి ఆడవాళ్లకు మేలే చేసిందని రాసింది. ఇంకా లోతైన దెబ్బ మధ్యయుగ చరిత్రకారిణి జుడిత్ బెనెట్‌ది. బీరు కాచే పని 1300 ప్రాంతంలో ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లో ఉండి 1600 నాటికి మగవాళ్లకు ఎలా వెళ్లిందో ఆమె వివరంగా చూపింది. అంటే క్లార్క్ శతాబ్దం మొదలయ్యేటప్పటికే ఆ కథ దాదాపు పూర్తయింది. పైగా, ఆ పనిలో లాభం తక్కువగా ఉన్నంతకాలమే అది ఆడవాళ్లది, లాభం పెరిగేసరికి మగవాళ్లదైంది. తక్కువ కూలి, తక్కువ గౌరవం ఉన్న పని ఆడవాళ్లకు దక్కడం పెట్టుబడి రాకముందూ ఉంది, వచ్చాకా ఉంది.

ఇది చదివాక కొన్నాళ్లు నేను బెనెట్ పక్షానే ఉన్నాను. వృత్తి సంఘంలో వితంతువుకు దుకాణం దక్కిందంటే, అది భర్త హక్కు ఆమెకు మిగలడమే తప్ప ఆమెకంటూ ఒక హక్కు ఉండటం కాదు. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ దుకాణం మీద పెత్తనం ఎవరిది? క్లార్క్ ఇక్కడ మెత్తగా దాటేస్తుంది. కుటుంబానికి వచ్చిన డబ్బు కుటుంబానిదే అని రాసి, ఆ కుటుంబంలో డబ్బు సంచి ఎవరి చేతిలో ఉందో అడగకుండా ముందుకు పోతుంది. నేను చెప్పిన పెద్ద లోపం ఇదే.

## పెద్దమ్మ పైసలు

మా పెద్దమ్మది పోచంపల్లి దగ్గర ఊరు. షావుకారు పట్టు ఇస్తాడు, వార్పుకు, అంటే ఒక్కసారి మగ్గానికి ఎక్కించే పడుగుకు, ఇంత అని మజూరీ ఇస్తాడు. ఆ మజూరీలోనే కండెలు చుట్టడం, ఆసు పోయడం (దారాన్ని మేకుల చుట్టూ వరసగా తిప్పడం), చిటికి కట్టడం (రంగు అంటకుండా దారాన్ని అక్కడక్కడ బిగించి కట్టడం), రంగులద్దడం, నేయడం అన్నీ వచ్చేస్తాయి. ఖాతా పెద్దనాన్న పేరు మీద. క్లార్క్ చెప్పే రెండో రకానికీ మూడో రకానికీ మధ్యలో ఉన్న ఇల్లు. ఆసు పోయడం పెద్దమ్మ పని. పొద్దున వంట ముగించి ఆసు ముందు కూర్చుంటే చెయ్యి అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. భుజం నొప్పికి ఆవనూనె రాయించుకుంటూ కూడా ఆ పనిని ఆమె పనిగా లెక్కపెట్టేది కాదు.

పెద్దనాన్న పోయాక షావుకారు ఖాతా మూసేశాడు. పెద్దమ్మకు మగ్గం కూడా వచ్చు. అయినా మగదిక్కు లేని ఇంటికి అంత ఖరీదైన పట్టు ఎట్లా ఇచ్చేది అన్నాడట. పదిహేడో శతాబ్దంలో లండన్ వడ్రంగి భార్యకు మిగిలినపాటి హక్కు కూడా ఆమెకు మిగల్లేదు. ఇక్కడిదాకా కథ చెబితే క్లార్క్ నెగ్గినట్టే.

కానీ తర్వాత ఆమె వేరేవాళ్ల ఇంటికి చిటికి కట్టడానికి కూలికి వెళ్లింది. వారం తిరిగేసరికి డబ్బు ఆమె చేతికే వచ్చేది. తక్కువే. ఇల్లు గడవడానికి చాలదు, కొడుకు పంపేది కలిస్తేనే. ఆ రోజుల్లో నేను జాలిగా ఏదో అనబోతే ఆమె అంది: "గప్పుడు ఇంటికి ఎంతొచ్చేదో నాకెర్కనే లేకుండె బిడ్డా. గిప్పుడు నా చేతిపని ఎంతనో ఎర్కైంది."

ఈ మాటకు క్లార్క్ పుస్తకంలో చోటు లేదు. విడి కూలి రావడాన్ని ఆమె నష్టంగానే చూసింది. ఆ కూలి కడుపు నింపదు అన్నంతవరకు ఆమె చెప్పింది అక్షరాలా నిజం, మా పెద్దమ్మ విషయంలోనూ నిజం. కానీ విడి కూలి వచ్చినప్పుడే పనికి ఒక ధర ఉందని ఆ పని చేసే మనిషికి మొదటిసారి తెలుస్తుంది. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనిషి జీవితంలో జరిగాయి. అందుకే నేను బెనెట్ పక్షాన కూడా పూర్తిగా ఉండలేకపోయాను. ఏమీ మారలేదు అంటే పెద్దమ్మ ఒప్పుకోదు.

ఆసు పని గురించి లోకానికి తెలిసింది చింతకింది మల్లేశం వల్ల. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక్కో చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు తిప్పాలని ఆయన కథతో పాటే జనానికి తెలిసింది. ఆ అంకె వినగానే నాకు ఆలిస్ క్లార్క్ లెక్కే గుర్తొచ్చింది. తరతరాలుగా చీర ధరలో కలిసిపోయిన పని, దాన్ని యంత్రం చేయడం మొదలుపెట్టాక లెక్కలోకి వచ్చింది. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35.22 లక్షల మందిని లెక్కించి, సుమారు 26.7 లక్షల మందిని నేతవాళ్లుగా, 8.5 లక్షల మందిని అనుబంధ పనివాళ్లుగా విడదీశారు. అనుబంధ పనిని లెక్కించడం మంచిదే, సంతోషమే. కానీ లెక్కలో పేరుండటం ఒకటి, ఖాతాలో పేరుండటం ఒకటి.

## ఆ ఇంటి నూలు

క్లార్క్ మీద నాకున్న ఇంకో అసంతృప్తి కూడా చెప్పాలి. ఆమె రాసిన శతాబ్దంలోనే, 1611లో, ఈస్ట్ ఇండియా కంపెనీ మచిలీపట్నంలో స్థావరం పెట్టింది. కృష్ణా, గోదావరి తీరాల బట్ట ఓడలెక్కింది. ఒక మగ్గం ఆడాలంటే చాలామంది రాట్నం తిప్పాలి. ఇంగ్లండ్‌లో నూలు వడికే ఆడవాళ్ల గురించి అంత శ్రద్ధగా రాసిన మనిషికి, అదే కాలంలో అదే పని చేస్తున్న మన ఆడవాళ్లు కనబడరు. పుస్తకం ఇంగ్లండ్ గురించి కాబట్టి అది తప్పని అనలేను. కానీ ఆమె తాత జాన్ బ్రైట్ కుటుంబానిది ఇంగ్లండ్‌లో ల్యాంకషైర్ ప్రాంతపు రాక్‌డేల్‌లో నూలు మిల్లు. పందొమ్మిదో శతాబ్దంలో ల్యాంకషైర్ మిల్లు నూలు వచ్చిపడి మన ఊళ్లలో రాట్నాలు మూలపడ్డాయి. భారతదేశంలో పత్తి సాగు గురించి 1848లో వేసిన పార్లమెంటు కమిటీకి అధ్యక్షుడు కూడా ఆ బ్రైటే. పెట్టుబడి వల్ల పని పోగొట్టుకున్న ఆడవాళ్ల చరిత్ర రాసిన మనిషి ఇంటికి అంత దగ్గరగా ఉన్న కథ ఇది. దాన్ని రాయాల్సింది మనమే, అయినా ఆమె చూపు అటు ఒక్కసారైనా మళ్లి ఉంటే బాగుండేదని నాకు ఉంటుంది.

ఆమె స్వయంగా యజమాని కదా అని కొందరు ఎత్తిపొడుస్తారు. నిజమే. బూట్ల పైభాగాలు కుట్టే ఆడవాళ్ల కూలి నిర్ణయించే బల్లకు అటువైపు కూర్చున్న మనిషి. డైరెక్టర్ పదవి ఆమెకు పుట్టిన ఇంటి వల్ల దక్కింది. కానీ నాకు అందులో ఇంకో సంగతి కనబడుతుంది. కుటుంబ వ్యాపారంలో కూతురికి చోటిస్తే ఏం చేయగలదో ఆమెకు స్వానుభవం. తన పేరు మీద తన చోటు ఉన్న కుటుంబ వ్యాపారం అది. బహుశా అందుకే పేరు లేని భార్యల ఇబ్బంది ఆమెకు తట్టలేదు. ఇది నా ఊహే.

## ఓటు సంగతి

పుస్తకం చివర్లో ఒక ఆలోచన ఉంది. పదిహేడో శతాబ్దపు రాజకీయ సిద్ధాంతం రాజ్యాన్ని కుటుంబాల సముదాయంగా చూడటం మానేసి, విడివిడి మగవాళ్ల సంఘంగా చూడటం మొదలుపెట్టిందని ఆమె అంటుంది. కూలి ఒక్కొక్క మగవాడికి, పౌరసత్వం కూడా ఒక్కొక్క మగవాడికి. ఓటు ఉద్యమంలో తిరిగిన మనిషి కూలి పట్టీల్లో ఎందుకు తలదూర్చిందో నాకు ఇక్కడ అర్థమైంది. ఆమెకు రెండూ ఒకే పని.

1918లో బ్రిటన్‌లో ఓటు వచ్చింది. 30 ఏళ్లు నిండి, తనకు గానీ భర్తకు గానీ స్థానిక ఎన్నికల్లో ఓటు అర్హత ఉన్న ఆడవాళ్లకు. భర్త అర్హత మీద భార్యకు ఓటు! మన దగ్గర 1935 చట్టంలోనూ అదే దారి: ఓటరైన మగవాడి భార్య అన్న అర్హత. భర్త ఆస్తి ద్వారా వచ్చే ఓటును మన మహిళా సంఘాలే ఆనాడు గట్టిగా వ్యతిరేకించాయి. బ్రిటన్‌లో మగవాళ్లతో సమానంగా 21 ఏళ్లకే ఓటు 1928లో వచ్చింది. 1934లో కన్నుమూసిన ఆలిస్ దాన్ని చూసింది. మన దగ్గర రాజ్యాంగంతో ఆ షరతులన్నీ పోయాయి. ఇవాళ ఓటరు జాబితాలో మా పెద్దమ్మది సొంత పేరు, సొంత నంబరు. షావుకారు ఖాతాలో మాత్రం ఆమె ఏనాడూ లేదు.

క్లార్క్ దగ్గర నేర్చుకోవాల్సింది ఆమె ముగింపుల కన్నా ఆమె వెతికిన చోట్లు. న్యాయాధికారుల కూలి పట్టీలు, వృత్తి సంఘాల పుస్తకాలు, క్వేకర్ ఇంటి ఆడపడుచు సారా ఫెల్ రాసిపెట్టిన ఇంటి ఖర్చుల లెక్కలు. మనకూ అలాంటివి ఉన్నాయి. పోచంపల్లిలో, గద్వాలలో, చీరాలలో, మంగళగిరిలో షావుకార్ల ఇళ్లలో ఖాతా పుస్తకాలు మూటలు కట్టి ఉన్నాయి. ఇల్లు కొత్తగా కట్టేటప్పుడు చిత్తుకాగితాల వాడికి పోతున్నాయి. నాకు తెలిసిన ఒక ఇంట్లో అలాగే పోయాయి. చేనేత సహకార సంఘాల సభ్యత్వ రిజిస్టర్లు ఉన్నాయి. వాటిలో ఏ ఏడాది ఎన్ని ఆడపేర్లున్నాయి, ఏ పేరు ఎవరు చనిపోయాక చేరింది, ఏ ఖాతా ఎవరితో ఆగిపోయింది, ఆసుకూ చిటికీకీ విడిగా మజూరీ రాయడం ఏ ఊళ్లో ఎప్పుడు మొదలైంది? పుస్తకాలు చెప్పలేని భాగం, అంటే ఇంట్లో సంచి ఎవరి దగ్గర ఉండేదన్నది, ఆ పని చేసిన ఆడవాళ్లే చెప్పాలి. వాళ్లలో చాలామంది ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు. చరిత్రలో పీజీ చేస్తున్న పిల్లలు ప్రాజెక్టుకు అంశం ఏం తీసుకోవాలని అడిగితే నేను ఇదే చెబుతున్నాను: ముందు ఆ పుస్తకాలు ఫొటోలు తీయండి, తర్వాత ఆ ఇంటి పెద్దావిడ పక్కన కూర్చుని ఒక్కో పేజీ ఆమెకు చదివి వినిపించి, అందులో రాయనిది ఏమిటో అడగండి.